సంస్కర్తలు మంచివారైతే వలసదారులు వారికి ఓటెందుకు వేయలేదు?

మద్దిలపాలెం పాఠకురాలు అడిగిన ప్రశ్న:

పెద్దలందరికీ నమస్కారం. నేను విశాఖపట్నంలో చరిత్ర ఎం.ఏ. రెండో సంవత్సరం చదువుతున్నాను. వచ్చే నెల మా తరగతి సెమినారులో పందొమ్మిదో శతాబ్దం చివరి ముప్పై ఏళ్ళ అమెరికా నగరాల గురించి నేను మాట్లాడవలసి ఉంది. వలసలు, నగరాల పెరుగుదల, రాజకీయ సంస్కరణ అనే మూడింటినీ మా పాఠ్యపుస్తకం మూడు వేర్వేరు అధ్యాయాలుగా చెప్పి వదిలేసింది. ఆ మూడింటి మధ్య ముడి ఎక్కడ పడిందో నాకు అంతుబట్టడం లేదు.

లెక్కలు మాత్రం దొరికాయి. 1870 నుంచి 1900 వరకు దాదాపు 1 కోటి 20 లక్షల మంది బయటి దేశాల నుంచి వచ్చి అమెరికాలో దిగారు. అందులో 50 లక్షలకు పైగా 1880ల దశకంలోనే వచ్చారు. 1870లో ప్రతి నలుగురిలో ఒకరు పట్టణవాసి కాగా, 1900 నాటికి ప్రతి ఐదుగురిలో ఇద్దరు పట్టణాల్లోనే ఉన్నారు. షికాగో 1840లో 5 వేల మంది కూడా లేని ఊరు. 1890కి 11 లక్షలు, 1900కి దాదాపు 17 లక్షలు అయింది. మన విశాఖ 1901లో సుమారు 40 వేల జనాభా ఉన్న చిన్న రేవు. ఆ 17 లక్షల అంకెను అది దాటింది 2011 జనాభా లెక్కల్లో. మనకు నూట పదేళ్ళు పట్టిన పెరుగుదల వాళ్ళకు అరవై ఏళ్ళలో జరిగిందంటే, అక్కడి నీళ్ళు, మురుగు, ఇళ్ళు, పోలీసులు ఏ స్థితిలో ఉండి ఉంటారో ఊహించుకోగలను.

నా చిక్కు ఇక్కడి నుంచి మొదలవుతుంది. న్యూయార్కును దోచుకున్న ట్వీడ్ జైలుకు వెళ్ళాడు, కేంద్ర ఉద్యోగాలను సిఫార్సుతో కాక పరీక్షతో ఇవ్వాలన్న పెండిల్టన్ చట్టం 1883లో వచ్చింది, రహస్య బ్యాలెట్ వచ్చింది, చదువుకున్న పెద్దమనుషులు సంఘాలు పెట్టి ‘శుభ్రమైన ప్రభుత్వం’ కావాలని అడిగారు. అయినా ఎన్నికల్లో ట్వీడ్ నడిపిన న్యూయార్కు పార్టీ యంత్రాంగం టమనీ హాల్ మళ్ళీ మళ్ళీ గెలుస్తూనే వచ్చింది. దీనికి మా పుస్తకం ఇచ్చే కారణం ఒక్క వాక్యం: వలస వచ్చినవారు చదువులేనివారు కాబట్టి ఓటు అమ్ముకున్నారు. ఈ వాక్యం నాకు మింగుడుపడటం లేదు. కొండవాలు కాలనీల్లో ఉండే మన వాళ్ళ గురించి కూడా ఎన్నికల రోజుల్లో టీ దుకాణం దగ్గర అచ్చం ఇదే మాట వింటూ పెరిగాను. అసలు కారణం ఏమై ఉంటుందో తెలిసినవారు వివరంగా చెప్పగలరని ప్రార్థన.

సీతమ్మధార మాస్టారు జవాబు:

అమ్మా, నేను డిగ్రీ కళాశాలలో అమెరికా చరిత్ర చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. మీ పుస్తకంలోని ఆ ఒక్క వాక్యాన్నే నేనూ మొదటి కొన్నేళ్ళు తరగతిలో అప్పగించాను. తరువాత కొంత చదివాక సిగ్గుపడి మానేశాను.

ఒక ఐరిష్ కూలీయో, ఇటలీ రైతుబిడ్డో న్యూయార్కులో ఓడ దిగాడనుకుందాం. 1890 వరకు అయితే కాసిల్ గార్డెన్‌లో, 1892 జనవరి 1 తరువాత అయితే ఎల్లిస్ ఐలండ్‌లో అతని పేరు రాసుకొని, కళ్ళూ ఒళ్ళూ పరీక్షించి బయటికి పంపుతారు. ఆ గుమ్మం దాటిన తరువాత ప్రభుత్వం అనేది అతనికి మళ్ళీ కనిపించదు. నిరుద్యోగ భృతి లేదు, పనిలో చెయ్యి తెగితే పరిహారం లేదు, మన రేషను కార్డు లాంటిది అసలే లేదు. కనిపించేవాడు వార్డులో పార్టీ మనిషి ఒక్కడే. రోడ్డు పనిలో కూలి ఇప్పించేది, చలికాలంలో బొగ్గు పంపేది, కొడుకును పోలీసులు పట్టుకుపోతే జామీను నిలిచేది అతనే. పౌరసత్వపు కాగితాలు కూడా చాలామందికి అతని చేతుల మీదుగానే వచ్చాయి. 1868 ఎన్నికల ముందు కొద్ది వారాల్లో టమనీకి అనుకూలమైన న్యాయమూర్తులు వేలమందికి పౌరసత్వం పంచిపెట్టారు. వీటన్నిటికీ అతను అడిగే బదులు సంవత్సరానికి ఒక ఓటు. ఆ ఓటుతో వచ్చిన అధికారాన్ని కాంట్రాక్టుల మీద, కట్టడాల మీద ఎలా సొమ్ము చేసుకుంటాడన్నది కూలీకి కనిపించే విషయం కాదు. ట్వీడ్ ముఠా కట్టించిన కోర్టు భవనానికి కోటి డాలర్లకు పైగా లెక్క రాశారు. 1871లో ఒక పత్రిక ఆ బిల్లులను బయటపెట్టింది, థామస్ నాస్ట్ వ్యంగ్యచిత్రాలు ట్వీడ్‌ను చదువురానివాడు కూడా గుర్తుపట్టేలా చేశాయి, అతను 1878లో జైలులోనే చనిపోయాడు. కానీ టమనీ కదలలేదు. జాన్ కెల్లీ వచ్చాడు, అతని తరువాత రిచర్డ్ క్రోకర్ వచ్చాడు. వ్యక్తి పోయినా ఆ అవసరం పోలేదు.

మీరు తప్పక చదవవలసినది షికాగో పంతొమ్మిదో వార్డు కథ. 1889లో జేన్ ఆడమ్స్, ఎలెన్ గేట్స్ స్టార్ అనే ఇద్దరు చదువుకున్న స్త్రీలు హాల్‌స్టెడ్ వీధిలో ఒక పాత భవనం తీసుకొని ‘హల్ హౌస్’ పెట్టారు. పసిపిల్లలకు సంరక్షణ, పెద్దలకు ఇంగ్లీషు పాఠాలు, వాచనాలయం అన్నీ నడిపారు. వార్డులో చెత్త పేరుకుపోతుంటే 1895లో ఆడమ్స్ స్వయంగా చెత్త తనిఖీ అధికారిగా నియమితురాలై, తెల్లవారుజామునే చెత్తబండ్ల వెంట తిరిగింది. ఇంత చేసినవారు ఆ వార్డు సభ్యుడు జానీ పవర్స్‌ను ఓడించాలని 1896లో, మళ్ళీ 1898లో గట్టిగా ప్రయత్నించారు. రెండుసార్లూ పవర్సే గెలిచాడు. అతను సారా దుకాణాల మనిషి, ట్రాము కంపెనీల దగ్గర డబ్బు తీసుకునేవాడని ఊరందరికీ తెలుసు.

ఆ ఓటమి తరువాత ఆడమ్స్ ఓటర్లను తిట్టలేదు. తన లోపమేమిటో వెదుక్కుంది. ఆమె రాసుకున్న ఒక సంఘటనను నేను ఏ ఏడాదీ తరగతిలో చెప్పకుండా వదిలిపెట్టలేదు. హల్ హౌస్ శిశుసంరక్షణ గదిలో ఎవరో విడిచిపెట్టి వెళ్ళిన పసికందు ఒకటి ఎంత సాకినా దక్కకుండా చనిపోయింది. కౌంటీ ప్రభుత్వం అనాథ శవాలను ఉచితంగా పూడ్చిపెడుతుంది కాబట్టి ఆ బండి వచ్చి తీసుకువెళుతుందని వీరు ఏర్పాటు చేశారు. సంగతి తెలిసి ఇరుగుపొరుగు ఉడికిపోయి పరుగెత్తుకొచ్చారు, తమ పేదరికంలోంచే చందా వేసుకొని ఆ బిడ్డకు అంత్యక్రియలు జరిపించారు. ప్రభుత్వ బండిలో శవం వెళ్ళడం ఆ వీధివారికి ఎంత ఘోరమో, ఆ పేటకు అప్పటికి ఇంకా కొత్తవారైన ఆ సేవకులకు తెలియలేదు. పవర్స్‌కు తెలుసు. వార్డులో ఎవరు పోయినా అతను శవయాత్రలో ఉంటాడు, డబ్బులేని ఇంట్లో ఖర్చు తానే పెట్టుకుంటాడు, క్రిస్మస్‌కు టర్కీ కోళ్ళు పంచుతాడు. పెళ్ళికి పిలిస్తే వెళ్ళాలి, చావుకు పిలవకపోయినా వెళ్ళాలని మన ఊళ్ళలో అనుకుంటామే, అతని రాజనీతి అంతా అంతే.

ఇక సంస్కర్తలు తెచ్చినవాటిని వార్డులోని మనిషి వైపు నుంచి చూడండి. 1895లో న్యూయార్కు పోలీసు బోర్డు అధ్యక్షుడైన థియొడోర్ రూజ్‌వెల్ట్ ఆదివారం సారా దుకాణాలు మూసివేయాలన్న చట్టాన్ని నిక్కచ్చిగా అమలు చేశాడు. చట్టం చట్టమే, కానీ వారానికి ఆరు రోజులు పనిచేసే జర్మన్ కార్మికుడు కుటుంబంతో బీరు తోటలో కూర్చోగలిగేది ఆ ఒక్క ఆదివారమే. 1897 ఎన్నికల్లో టమనీ తిరిగి రావడానికి ఈ కోపం కూడా ఒక కారణం. రహస్య బ్యాలెట్ మాటకు వస్తే, అంతకుముందు పార్టీలే తమ రంగు చీటీలు అచ్చువేసి పంచేవి, ఎవరు ఏ చీటీ పెట్టెలో వేస్తున్నారో అందరికీ కనిపించేది. ప్రభుత్వమే అచ్చువేసిన చీటీ రాష్ట్రమంతటా వాడే పద్ధతి 1888లో మసాచుసెట్స్ చట్టంతో మొదలై 1896 నాటికి చాలా రాష్ట్రాలకు పాకింది. మంచిదే. అయితే ఆ చీటీ మీద పేర్లు ఇంగ్లీషులో ఉంటాయి, చదవలేనివాడి ఓటు అక్కడే ఆగిపోతుంది. టెనెసీలో 1889లో తెచ్చిన చట్టంలోనైతే నల్లవారి ఓటు తగ్గించాలన్న ఉద్దేశం దాచుకున్నది కూడా కాదు. మన దేశంలో 1951–52 ఎన్నికలకు ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క పెట్టె పెట్టి, దాని మీద గుర్తు అతికించారు. ఓటు రహస్యంగానూ ఉండాలి, అక్షరం రానివాడూ వేయగలగాలి అన్న రెండు షరతులూ ఒకేసారి తీర్చవచ్చని ఆ పెట్టె చెబుతోంది.

మరొకటి చెప్పి ఆపుతాను. 1900 సెప్టెంబరు 8న టెక్సస్ తీరంలోని గాల్వెస్టన్‌ను తుఫాను ముంచెత్తి కనీసం 6 వేల మందిని పొట్టన పెట్టుకుంది. మరుసటి ఏడాది ఆ ఊరు పాత పాలకసభను తీసివేసి, ఐదుగురు సభ్యుల కమిషన్ చేతికి పరిపాలన అప్పగించింది. పునర్నిర్మాణం చురుకుగా సాగింది, ఆ పద్ధతి ఇతర నగరాలకు ఆదర్శమైంది. హుద్‌హుద్ తరువాతి పది రోజులు కరెంటు, నీళ్ళ కోసం ఎదురుచూసిన మనకు అటువంటి చురుకుదనం ఎంత అవసరమో వేరే చెప్పనక్కరలేదు. కానీ వార్డులు రద్దై ఊరంతా ఒకే నియోజకవర్గంగా ఓటు వేసే పద్ధతి వచ్చినచోట, ఒక మూల వీధుల్లో గుమిగూడి ఉన్న వలసదారులకు, నల్లవారికి తమ మనిషిని గెలిపించుకునే దారి మూసుకుపోయింది. ఇవన్నీ తెలిశాక ‘ఓటు అమ్ముకున్నారు’ అనే మాట నా నోట రాలేదు.

నీళ్ళ ఇంజనీరు, కంచరపాలెం, జవాబు:

మాస్టారి మాటల మీద గౌరవంతోనే కొంత విభేదిస్తున్నాను. ముప్పై ఏళ్ళు పైపులు, గెడ్డలు, పంపులతో గడిపినవాణ్ణి కాబట్టి నాకు చరిత్ర కూడా నేల కిందనుంచే కనిపిస్తుంది. శవయాత్రకు వచ్చినవాడు మంచివాడే. అయితే ఆ శవం ఎందుకు లేచిందని కూడా అడగాలి కదా?

న్యూయార్కు ఈస్ట్ సైడ్‌లో వలసదారులు ఉన్న అద్దె మేడలను టెనమెంట్లు అనేవారు. స్థలం వెడల్పు 25 అడుగులు, లోతు 100 అడుగులు. దాని మీద ఐదారు అంతస్తులు, అంతస్తుకు నాలుగు వాటాలు. 1879 చట్టం ప్రతి గదికీ గాలి రావాలన్నది. దానికి కట్టినవారు కనిపెట్టిన ఉపాయం, రెండు మేడల మధ్య నడుములో చిన్న నొక్కు నొక్కి సన్నని గాలిగొట్టం వదలడం. పైనుంచి చూస్తే వ్యాయామశాలలో ఎత్తే డంబెల్ ఆకారం కాబట్టి వాటికి ఆ పేరే స్థిరపడింది. ఆ సందులోకి వెలుతురు రాలేదు. పై అంతస్తులవారు చెత్త అందులోకే విసిరారు, కింద వాసన పుట్టింది, నిప్పంటుకుంటే అదే పొగగొట్టమై మంటను పైదాకా లాక్కుపోయింది. చట్టం అక్షరాలా అమలైంది, మనిషికి మాత్రం ఊపిరి ఆడలేదు. డెన్మార్కు నుంచి తానే వలస వచ్చిన జేకబ్ రీస్ అనే విలేకరి, అప్పుడే వచ్చిన ఫ్లాష్ పొడిని చీకటి గదుల్లో వెలిగించి ఆ బతుకులను ఫోటోలు తీసి 1890లో పుస్తకంగా వేసేవరకు ఊరి పెద్దలకు ఆ గదులు కనిపించలేదు. ఆ డంబెల్ మేడలను నిషేధించి, పెద్ద ముంగిళ్ళు, ప్రతి వాటాకూ నీళ్ళు, మరుగుదొడ్డి తప్పనిసరి చేసిన చట్టం 1901లో వచ్చింది. మధ్యలో గడిచిన ఇరవై రెండేళ్ళలో చాలాకాలం అధికారంలో ఉన్నది ఈ పరామర్శల నాయకులే. ఇంటి యజమాని ఇచ్చే డబ్బు, కట్టేవాడు ఇచ్చే డబ్బు వారికి చేదు కాదు. బొగ్గు బస్తా ఒకటి ఇచ్చి కిటికీ లేని గదిని భరించమనడం నాకు దాతృత్వంలా కనిపించదు.

షికాగో సంగతి కూడా చెప్పాలి. ఊరి మురుగు నదిలోకి, నది సరస్సులోకి, సరస్సు నీళ్ళే మళ్ళీ కుళాయిలోకి. టైఫాయిడ్ రాకపోతేనే వింత. చివరికి 28 మైళ్ళ కాలువ తవ్వి, 1900 జనవరిలో నది ప్రవాహాన్నే వెనక్కి తిప్పారు. మురుగు సరస్సు వదిలి మిసిసిప్పీ దిక్కుకు పోయింది. దిగువనున్న మిస్సోరీ రాష్ట్రం కోర్టుకెక్కింది, గెలవలేదు. ఈ పని చేసినది వార్డు సభ్యులు కారు. రాష్ట్ర శాసనసభ వేరుగా ఏర్పరచిన పారిశుద్ధ్య సంస్థ. వార్డువారీగా ఆలోచించేవాడు వీధి కుళాయి వేయించగలడు గాని నదిని తిప్పలేడు.

నాకు నచ్చిన మనిషి జార్జ్ వారింగ్. 1894లో న్యూయార్కులో పోలీసుల లంచాల మీద విచారణ జరిగి టమనీ ఓడిపోయాక, మేయర్ స్ట్రాంగ్ ఇతన్ని 1895లో వీధుల శుభ్రత విభాగానికి అధిపతిని చేశాడు. అతను పార్టీ సిఫార్సుతో వచ్చి పనిచేయనివారిని తీసివేశాడు, ఊడ్చేవారికి తెల్లని దుస్తులు ఇచ్చాడు. మురికిపనికి తెల్లబట్టలేమిటని ఊరు నవ్వింది. తెల్లబట్ట వేసుకున్నవాడు పని ఎగ్గొట్టి సారా దుకాణంలో కూర్చుంటే ఎవరికైనా కనిపిస్తాడన్నది అందులోని కిటుకు. మోకాలి లోతు గుర్రపులద్దితో, చెత్తతో కుళ్ళుతున్న పేదల వీధులు అతని హయాంలో మొదటిసారి రాళ్ళు కనిపించేలా శుభ్రపడ్డాయి, వలసదారుల పిల్లలతో వీధి శుభ్రతా సంఘాలు కూడా ఏర్పడ్డాయి. ఆ ఇంట్లో అమ్మకు ఇంగ్లీషు రాకపోయినా బిడ్డ వచ్చి అరటి తొక్క వీధిలో వేయకమ్మా అని చెబుతుంది. ఇది కూడా సంస్కరణే కదా మాస్టారూ? ఇందులో ఎవరి ఓటూ పోలేదు. టమనీ 1897లో గెలిచి వచ్చాక అతను పదవి వదిలాడు, 1898లో హవానాకు పారిశుద్ధ్య పరిశీలనకు వెళ్ళి అక్కడ సోకిన పచ్చజ్వరంతో చనిపోయాడు.

ఈ అభిప్రాయం నా ఉద్యోగజీవితం నుంచి కూడా వచ్చిందని ఒప్పుకుంటాను. ఒక కొండవాలు బస్తీకి పైపు వేయడానికి అంచనాలు తయారై ఏళ్ళు గడిచినా కదలలేదు. ఈలోగా ట్యాంకర్ పంపించిన పెద్దమనిషికి మాత్రం ప్రతి వేసవిలో దండలు పడ్డాయి. పైపు వచ్చి ఉంటే ఆ దండలు ఆగిపోయేవి.

బర్మా క్యాంపు మనవడు జవాబు:

ఇద్దరు పెద్దల మధ్య దూరుతున్నందుకు మన్నించండి. మా ముత్తాత శ్రీకాకుళం వైపు నుంచి రంగూను వెళ్ళిన కళాసీ. అందువల్ల ఈ కథలో ఓడెక్కినవాడి గురించే నా ఆలోచన పోతుంది.

మన తీరం నుంచి రంగూనుకు కూలీలు వెళ్ళింది కూడా సరిగ్గా ఆ దశాబ్దాల్లోనే. అక్కడివారు తెలుగువాళ్ళందరినీ కోరంగి రేవు పేరుతో ‘కొరంగీలు’ అనేవారు. తీసుకుపోయేవాడు మేస్త్రీ. ఊళ్ళో బయానా ఇస్తాడు, ఓడ టిక్కెట్టు పెడతాడు, అక్కడ జీతం మీద చెయ్యి తనదే. బాకీ తీరేసరికి వర్షాకాలాలు గడిచిపోతాయి. అమెరికాలో ఇటలీ కూలీలకు ఉన్న ‘పద్రోనే’ వ్యవస్థ గురించి చదివినప్పుడు నాకు మేస్త్రీయే కళ్ళముందు నిలిచాడు. పని చూపించినందుకు కమీషను, తాను నడిపే కొట్లోనే ఎక్కువ ధరకు సరుకులు కొనాలన్న నిర్బంధం, పోట్లాడితే ఊరుకాని ఊళ్ళో ఒంటరితనం. ఇటలీవారిలో చాలామంది నాలుగు డబ్బులు కూడబెట్టి తిరిగి వెళ్ళిపోయారు, మనవారిలాగే. అలా తిరిగిపోవాలనుకునేవాడికి ఓటు హక్కు మీద ఆశ ఉండదు, వార్డు బాసుకు అతని మీద ఆసక్తి ఉండదు. ముందే ఒప్పందం కుదుర్చుకొని కూలీలను దింపుకోవడాన్ని 1885లో అమెరికా చట్టం చేసి నిషేధించింది గాని, నోటిమాట మీద నడిచే మేస్త్రీని చట్టం పట్టుకోవడం కష్టం.

ఓటు లేనివాడి గతి ఏమిటన్నది మీ ఇద్దరి జవాబుల్లోనూ రాలేదు. 1882లో అమెరికా చైనా కూలీల రాకను పదేళ్ళపాటు నిషేధించింది, 1892లో పొడిగించింది, 1902లో గడువు లేకుండా చేసింది, 1943లో గాని ఎత్తివేయలేదు. అప్పటికే ఉన్న చైనావారు పౌరులు కావడానికి కూడా వీల్లేదని ఆ చట్టమే చెప్పింది. కాబట్టి వారి ఇంట చావు జరిగితే ఏ జానీ పవర్స్ రాలేదు. మరో విడ్డూరం చూడండి: కాలిఫోర్నియాలో ‘చైనావాళ్ళు పోవాలి’ అని ఊరేగింపులు తీసిన డెనిస్ కెర్నీ తానే ఐర్లండ్ నుంచి వలస వచ్చినవాడు.

ఇంజనీరు గారు పారిశుద్ధ్య నిబంధనలను మెచ్చుకున్నారు. శాన్ ఫ్రాన్సిస్కోలో 1880లో అటువంటి నిబంధనే ఒకటి పెట్టారు: చెక్కతో కట్టిన ఇంట్లో చాకిరేవు దుకాణం నడపాలంటే నగర బోర్డు అనుమతి కావాలి. నిప్పు భయం నిజమే, ఊరంతా చెక్క ఇళ్ళే. అనుమతి అడిగిన చైనావారు దాదాపు 200 మందికీ లేదన్నారు, తెల్లవారిలో ఒక్కరికి తప్ప అందరికీ ఇచ్చారు. 1886లో సుప్రీంకోర్టు ఈ వ్యవహారాన్ని ఏకగ్రీవంగా కొట్టివేస్తూ, చట్టం రాతలో నిష్పక్షపాతంగా ఉన్నా అమలులో పక్షపాతం ఉంటే చెల్లదని తేల్చింది. ‘యిక్ వో’ కేసు అంటారు. అందువల్ల నిబంధన ఏమిటన్నది ఎంత ముఖ్యమో, దాన్ని చేతిలో పట్టుకున్నవాడికి ఎదుటివాడి పట్ల జవాబుదారీ ఉందా లేదా అన్నది అంత ముఖ్యం. రంగూనులో మనవారికి అది లేదు. 1930లో రేవు సమ్మె చేసిన తెలుగు కళాసీలకు, వారి స్థానంలో పనికి దిగిన బర్మీయులకు మధ్య రేగిన అల్లర్లలో మనవారు ఎందరో చనిపోయారు. మా ఇంట్లో ఆ రోజుల గురించి ఎవరూ ఎక్కువ మాట్లాడేవారు కారు.

మద్దిలపాలెం పాఠకురాలు:

ముగ్గురికీ కృతజ్ఞతలు. సెమినారుకు అనుకున్న ప్రణాళికను పూర్తిగా మార్చుకుంటున్నాను. మొదట ‘వలసదారులు ఓటు ఎందుకు అమ్ముకున్నారు’ అని రాసుకున్న శీర్షికను ‘ఒక్కొక్క సంస్కరణ ఒక్కొక్క వీధికి ఏమి తెచ్చింది, ఏమి తీసుకుపోయింది’ అని మారుస్తున్నాను. బ్యాలెట్ చీటీ ఒక గుంపు, వారింగ్ ఊడ్పు మరో గుంపు అవుతాయి. చైనావారి సంగతి లేకుండా ఈ రెండూ అసంపూర్ణమని మూడో జవాబు చదివాక అర్థమైంది.

ఒక్క సందేహం మిగిలింది. పెండిల్టన్ చట్టాన్ని ఏ గుంపులో పెట్టాలి? మా గదిలో నలుగురం గ్రూప్స్‌కు, సివిల్స్‌కు చదువుతున్నవాళ్ళమే. పరీక్ష పెట్టి ఉద్యోగం ఇవ్వడంలో తప్పు పట్టడానికి మాకు మనసొప్పడం లేదు.

సీతమ్మధార మాస్టారు:

ఇంజనీరు గారూ, వారింగ్ విషయంలో మీ వాదనను ఒప్పుకుంటున్నాను. నేను సంస్కర్తలను ఒకే గాటన కట్టాను, అది పొరపాటు. మీ ట్యాంకరు పెద్దమనిషి ఉదాహరణకు నా దగ్గర సమాధానం లేదు.

అమ్మా, పెండిల్టన్ చట్టం గురించి. 1881 జులైలో అధ్యక్షుడు గార్‌ఫీల్డ్‌ను కాల్చినవాడు, పార్టీకి పనిచేసినా తనకు ఉద్యోగం ఇవ్వలేదన్న కక్షతో ఉన్న గిటో అనేవాడు. గార్‌ఫీల్డ్ సెప్టెంబరులో మరణించాడు. ఆ తరువాత అధ్యక్షుడైన చెస్టర్ ఆర్థర్ స్వయంగా సిఫార్సు ఉద్యోగాలకు పేరుపడ్డ న్యూయార్కు సుంకాల కార్యాలయాన్ని నడిపినవాడు, అయినా 1883 జనవరిలో చట్టం మీద సంతకం అతనే చేశాడు. మొదట అది కేంద్ర ఉద్యోగాల్లో పదింట ఒక వంతుకే వర్తించింది. దాని ముసాయిదాలో ప్రధాన పాత్ర డార్మన్ ఈటన్‌ది. అతను అంతకుముందు బ్రిటిషు ఉద్యోగ విధానాన్ని పరిశీలించి నివేదిక రాశాడు. ఆ బ్రిటిషు పరీక్షా పద్ధతికి మొదటి ప్రయోగశాల మన దేశానికి పంపే సివిల్ సర్వీసు. 1853 చట్టంతో తలుపు తెరిచి 1855లో లండన్‌లో పోటీ పరీక్ష పెట్టారు. అంటే మీరు నలుగురూ రాత్రిళ్ళు మేలుకొని చదువుతున్న పరీక్షకూ, ఆ అమెరికా చట్టానికీ మూలం ఒక్కటే.

తలుపు అందరికీ తెరిచారు, కానీ గడప లండన్‌లో ఉంది. 1863లో సత్యేంద్రనాథ్ టాగోర్ దాన్ని దాటాడు. 1870ల చివర గరిష్ఠ వయసును 19 ఏళ్ళకు తగ్గించినప్పుడు మనవారు దేశమంతా ఎందుకు ఆందోళన చేశారో మీకు తెలుసు. అప్పుడు మనవారు అడిగింది పరీక్షను ఎత్తివేయమని కాదు. ఇక్కడ కూడా పెట్టమని, వయసు పెంచమని. షికాగోలో 1895లో నగర ఉద్యోగాలకు పరీక్షల చట్టం వచ్చినప్పుడు పంతొమ్మిదో వార్డు ఇటలీ కూలీ తట్ట, పార పని కూడా పోతుందేమోనని భయపడి ఉంటే దాన్ని అజ్ఞానం అనడానికి నాకు నోరు రాదు. కాబట్టి ఆ చట్టాన్ని రెండు గుంపుల్లోనూ పెట్టండి, ఒక్కోచోట దాని గడప ఎక్కడుందో రాయండి. అడిగేవారు అడగనీయండి.

ఒక సలహా. ఇరవై నిమిషాల్లో దేశమంతా చుట్టిరావాలని చూడకండి. న్యూయార్కులో 1894 నుంచి 1897 వరకు ఉన్న మూడేళ్ళనో, షికాగో పంతొమ్మిదో వార్డునో పట్టుకొని కూర్చోండి. వార్డునే ఎంచుకుంటే చివర్లో ఎవరో ఒకరు పవర్స్ ఏమయ్యాడని తప్పక అడుగుతారు. హల్ హౌస్ వారు 1898 తరువాత అతన్ని ఓడించే ప్రయత్నం మానుకొని, కర్మాగారాల చట్టాలు, బాలల న్యాయస్థానం వంటి పనుల మీదికి మళ్ళారు. అతను మాత్రం ఆ తరువాత కూడా ఏళ్ళ తరబడి నగరసభలో కూర్చున్నాడు. సెమినారు ఏ రోజో ఇక్కడ తెలియజేయండి, వీలైతే వచ్చి వెనుక బెంచీలో కూర్చుంటాను.